బాలింతకు ఎవరూ చెప్పలేదు

దెయ్యాలూ, గాలీ ధూళీ నా దగ్గర చెల్లవు. గిద్దలూరులో మందుల దుకాణం నడుపుతాను. తలనొప్పి అని వచ్చినవాళ్లను కూడా నాలుగు ప్రశ్నలు వేయందే మాత్ర ఇవ్వను. అంత అనుమానపు మనిషిని. అందుకే ఈ సంగతి చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది.

మార్కాపురంలో మా తమ్ముడి కూతురు బడి ఆటోలోంచి జారి రోడ్డు మీద పడింది. తలకు గట్టి దెబ్బ. గుంటూరులో ఒక ఆసుపత్రిలో చేర్చాం. స్పృహ లేదు. పాప తల్లి, అంటే మా మరదలు, అప్పుడు వెలిగండ్లలో పుట్టింట్లో ఉంది. పచ్చి బాలింత. చెబితే తట్టుకోలేదని, పాలు ఇంకిపోతాయని పెద్దవాళ్లు భయపడ్డారు. పాపకు ఆటలమ్మ పోసింది, పసిబిడ్డ దగ్గరికి తీసుకురాకూడదని అబద్ధం చెప్పాం.

పాప తలలోకి సన్నని తీగ పెట్టారు. తెర మీద రెండు గీతలు కనపడేవి. ఒకటి బీపీ, రెండోది తలలో ఒత్తిడి. బీపీ కాస్త అటూ ఇటూ అయినా మంచి మెదడు తనకు కావలసినంత రక్తాన్నే లోపలికి రానిస్తుందట. దెబ్బకు పాప మెదడు ఆ అదుపు కోల్పోయిందన్నారు డాక్టరు. ఒక గీత పైకి పోతే రెండోదీ దాని వెంటే పోతోంది. అవి విడిపోతేనే పాప మీద ఆశ. ఏ బీపీ దగ్గర మెదడు కుదుటపడుతుందో తెలుసుకోవడానికి మందుతో కొంచెం పెంచి చూసేవారు.

మొదటిసారి పెంచిన మధ్యాహ్నమే మరదలు ఫోన్ చేసింది. తల పగిలిపోతోందట. చెవుల్లో దూది పెట్టుకోకుండా తిరుగుతున్నావని కసిరాను. మర్నాడు మళ్లీ పెంచారు. మళ్లీ ఫోన్. తమ్ముడే పెళ్లానికి చెప్పేశాడు, ఈ నొప్పి ఆ దిగులుకే అనుకున్నాను.

"నేను చెప్పలేదక్కా. ప్రభువు తోడు," అన్నాడు వాడు. నమ్మలేదు.

బస్సులు మారి వెలిగండ్ల చేరాను. బిడ్డకు మంచిది కాదని చెప్పి ఇంట్లో అందరి ఫోన్లూ నా సంచిలో వేసుకున్నాను. మందు మళ్లీ ఎప్పుడు పెంచుతారో నాకూ చెప్పొద్దని తమ్ముడికి ముందే చెప్పాను. మరదలి తల్లినీ గదిలోకి రానివ్వలేదు. ఆమె మీదా అనుమానమే.

మరదలు బిడ్డకు సాంబ్రాణి పొగ వేస్తోంది. ఉన్నట్టుండి చేత్తో తల పట్టుకుంది.

"ఎక్కువైంది వదినా. తగ్గియ్యమని చెప్పు."

"ఏంది తగ్గియ్యాల్సింది? ఎవురికి చెప్పాల?"

"ఏమో. నోటికి అట్ల వచ్చింది."

వాకిట్లోకి పోయి తమ్ముడికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. కాసేపటికి వాడే చేశాడు. "మందు పెంచినారక్కా. తలలో ఒత్తిడి ఒక్కసారే ఎక్కిపోయింది. మళ్లా దించినారు." లోపలికి వెళ్లేసరికి మరదలు గోడకు ఆనుకుని బిడ్డకు పాలిస్తోంది. నొప్పి తగ్గిందంది.

కొన్నాళ్లకు, నేను అడగకుండానే, "ఇయ్యాల తల తేలిగ్గా ఉంది వదినా," అంది. ఆ సాయంత్రమే గీతలు విడిపోయాయని తమ్ముడు ఏడుస్తూ చెప్పాడు. పాప బతికింది. మాట కాస్త నిదానం, అంతే.

బాలింతలకు తలనొప్పులు మామూలేనన్నారు డాక్టరు. దుకాణానికి ఎవరైనా వచ్చి ఇదంతా చెబితే నేనూ అదే అంటాను.

నిజం చెప్పిన రోజు మరదలు ఏడవలేదు. "ఆ పొద్దు తగ్గిచ్చినారా, లేదా?" అని మాత్రం అడిగింది. తగ్గించారన్నాను. అప్పుడు ఏడ్చింది.

ఇంట్లో ఒక్కొక్కరినీ మళ్లీ మళ్లీ నిలదీశాను. ఆమెకు ఎవరూ చెప్పలేదు. అనుమానించడానికి నాకు ఇంకెవరూ మిగల్లేదు.