తల్లివైపు లెక్క

మొన్న మా మేనకోడలు చిన్న గొట్టంలో ఉమ్మి పట్టి, మూత బిగించి, తన పూర్వీకులు ఎటునుంచి వచ్చారో నెల తిరిగేసరికి ఫోన్‌లో తెలిసిపోతుందని చెబుతుంటే, నేను మాట మధ్యలోనే లేచి వరండాలోకి వచ్చేశాను. ఆ పిల్ల పుట్టకముందు సంగతి ఒకటి అప్పటినుంచీ మనసును కుదురుగా ఉండనివ్వడం లేదు.

తొంభైల చివర్లో మా అన్నయ్య తనతోపాటు పనిచేసే టీచరమ్మను, రాజోలు దగ్గర క్రైస్తవ కుటుంబంలోని అమ్మాయిని, పెళ్ళి చేసుకున్నాడు. వదిన తాతముత్తాతలు ఒకప్పుడు మాలాంటివాళ్ళ పొలాల్లో కూలికి వెళ్ళినవారే. నాన్నగారు కేకలు వెయ్యలేదు గాని, అన్నయ్య పేరు ఇంట్లో వినబడకూడదన్నారు. వినబడలేదు. బస్సు హారన్ మోగినప్పుడల్లా అమ్మ మాత్రం వీధి గుమ్మం దాకా వెళ్ళి, ఏదో పనున్నట్టు కొబ్బరాకులు సర్ది వచ్చేది.

నేను అమలాపురంలో జువాలజీ చెప్పేదాన్ని. రెండువేల సంవత్సరం దాటాక అధ్యాపకుల శిక్షణకని విశాఖపట్నం వెళితే, అక్కడొక పెద్దాయన జన్యువులను బట్టి మనుషుల పాత చరిత్ర ఎలా తెలుస్తుందో చెప్పారు. తల్లినుంచి మాత్రమే బిడ్డకు అందే పదార్థం ఒకటి కణంలో ఉంటుందని, తరాల మీద దానిలో పడే చిన్న చిన్న మార్పులను పోల్చుకుంటూ వెనక్కి వెళితే, వేలవేల ఏళ్ళ క్రితం ఆఫ్రికానుంచి బహుశా సముద్రతీరాల వెంబడి నడిచి వచ్చిన కొద్దిమంది దగ్గరికి చేరతామని, ఈ దేశంలో ఏ కులంవారిని చూసినా తల్లివైపు వేర్లు చాలావరకు ఆ పాతవారివేనని ఆయన అన్నారు. అప్పటికి మన లంకలు పుట్టనేలేదు; మాది మాది అనుకునే ఈ మట్టిని గోదావరి ఇంకా తెచ్చి పొయ్యనేలేదు.

తిరుగు రైల్లో కునుకు పట్టలేదు. ఇంటికొచ్చి, నాన్నగారు భోజనానికి కూర్చోగానే అంతా చెప్పేశాను. ఆయన కలిపిన ముద్ద చేతిలోనే ఉంచుకుని విన్నారు.

"మరి తండ్రివైపో?" అన్నారు.

అటు తేడాలు కొంత కనబడతాయట అని ఉన్నమాటే చెప్పాను.

"అదీ సంగతి! నువ్వు చెప్పింది ఆడవాళ్ళవైపు లెక్కమ్మా," అని నిశ్చింతగా ముద్ద నోట్లో పెట్టుకున్నారు.

మజ్జిగ పోస్తున్న అమ్మ చెంబు కింద పెట్టింది. "ఆడవాళ్ళవైపు లెక్కేనాండీ? అయితే కోడలు నావైపు మనిషేగా. మీరు రానక్కర్లేదు లెండి, రేపు నేను వెళ్ళొస్తాను."

మర్నాడు నేనూ వెంట వెళ్ళాను. బస్సు పి.గన్నవరం దగ్గర నది మీది అక్విడక్టు దాటుతుంటే, ఆఫ్రికానుంచి అంత దూరం నడిచినవాళ్ళలో చంటిపిల్లల తల్లులూ ఉండే ఉంటారు కదా అని అమ్మ అడిగింది. సీట్లో కుదురుగా కూర్చోలేదు. తలుపు తీసింది వదిన వాళ్ళ అమ్మగారు. క్షణంసేపు మమ్మల్ని చూసి, "రండి వదినగారూ," అన్నారు. అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని చాలాసేపు వదలలేదు. వెనకాల వదిన, నిండు కడుపుతో, గోడ పట్టుకుని నిలబడి ఉంది.

సాయంత్రం తిరిగొచ్చేసరికి నాన్నగారు గేటు దగ్గర అటూ ఇటూ పచార్లు చేస్తున్నారు.

"పిల్లకి ఎన్నో నెలట?" అన్నారు.

వదిన కడుపుతో ఉందని మేమింకా చెప్పనేలేదు. ఎవరినో అడిగి ఎప్పటికప్పుడు తెలుసుకుంటూనే ఉన్నారన్నమాట. పాప పుట్టినప్పుడు ఎవరూ పిలవకుండానే వెళ్ళారు.

ఇప్పుడు అమ్మా నాన్నగారూ లేరు. ఆ పాపకే సంబంధాలు చూస్తుంటే, వచ్చినవాళ్ళు కాఫీ గ్లాసు అందుకుంటూనే "మీరేవిట్లండీ?" అని కులం అడుగుతున్నారు. వాళ్ళూ చదువుకున్నవాళ్ళే, జన్యువుల సంగతి నాకంటే బాగా చెప్పగలరు. మా అమ్మ విన్నది ఒక్కసారి, అదీ మజ్జిగ పోస్తూ. మర్నాడే బస్సెక్కింది. ఇంత తెలిశాక కూడా జనం ఎలా కదలకుండా కూర్చోగలుగుతున్నారో నాకు అర్థం కాదు.