అన్న కాల్చిన మోటార్లు

ఉదయం ఆరూ పదికి జనగామ బస్టాండ్‌లో మా పాలకుర్తి బస్సు స్టార్ట్ అయింది. డ్రైవర్ తాళం ఇట్లా తిప్పి అట్లా వదిలేశాడు. మా అన్న చనిపోయి అప్పటికి నెల. పక్క సీటులో ఉన్న ముసలామెతో ఊరికే అన్నాను.

"మా అన్నయితే ఈపాటికి మోటార్ కాల్చేటోడు, అవ్వా."

"అదెట్ల?"

అన్న పాత వ్యాన్‌లో స్టార్టర్ మోటార్ మాటిమాటికీ పోయేది. బ్యాటరీ మార్చాం, వైర్లు మార్చాం. చివరికి చూస్తే తప్పు మా అన్నదే. ఇంజిన్ అందుకున్నాక కూడా తాళం తిప్పి పట్టుకునేవాడు. లోపల గరగరమని అరిగేది. ఎంత తిట్టినా నవ్వేవాడు. సిగ్గు లేని మనిషని తాళం గుంజుకున్నాను. ఇదంతా ఆమెకు చెప్పాను.

"మీ అన్న ఏం పని చేసిండు, బిడ్డా?"

"భూపాలపల్లిల బొగ్గు బాయి పని. బ్లాస్టింగ్ కాడ."

ఆమె తన చెవి మీద అరచెయ్యి పెట్టుకుంది.

"మాయన గూడ గదే పని. ఇనపడకుంటే గట్లనే నవ్వుతుండె."

ఇంజిన్ చప్పుడే కాదు, నా తిట్లు కూడా అన్నకు వినపడలేదు.

వ్యాన్ ఇప్పుడు నేనే నడుపుతున్నాను. గరగరమంటున్నా, అన్న అరగదీసిన స్టార్టర్ మోటార్‌ను మాత్రం మార్చడం లేదు.