మూత తియ్యని డబ్బా

చైనాలోని గ్వాంగ్జౌలో కాపురం పెట్టిన కొత్తలో, మా ఆత్రేయపురం పూతరేకులు స్టీలు డబ్బాలో పెట్టి ఎదురింటి పెద్దావిడకి ఇచ్చాను. "వద్దమ్మా, నువ్వుంచుకో" అన్నారు రెండుసార్లు. గోదావరి వాళ్లం, వదుల్తామా? మూడోసారి తీసుకున్నారు. కానీ మూతైనా తియ్యకుండా పక్కన పెట్టేశారు. మా వైపైతే అక్కడే ఒకటి తిని, ఎలా ఉందో చెప్పేదాకా కదలనివ్వం. నచ్చలేదేమోనని రెండు రోజులు మథనపడ్డాను.

మూడో రోజు ఆవిడే వచ్చారు, డబ్బా నిండా కమలాపళ్లతో. "భలే ఉన్నాయి. మా ఆయన కాగితమనుకుని ఒలవబోయారు."

"మరి ఆ రోజు తెరవలేదేంటండీ?" నాకొచ్చిన కాస్త చైనీస్‌లో అడిగాను.

"ఇచ్చినవాళ్ల ముందే తెరిస్తే ఆత్రపడ్డట్టుంటుంది కదమ్మా."

"ఎందుకండీ ఇవన్నీ" అని నేనూ రెండుసార్లు అన్నాను. మూడోసారి తీసుకున్నాను. నోరూరుతున్నా, ఆవిడ వెళ్లేదాకా ఒక్క పండూ ఒలవలేదు.