నా జాన కురచైంది

నేను చదివింది మూడో తరగతి వరకే. బడిలో స్కేలుబద్ద ఉండేది. దానితో నేను గీతలు గీసింది తక్కువ, అది నా అరచేతిని పలకరించింది ఎక్కువ. అందుకేనేమో ఆ బద్ద మీద నాకు నమ్మకం కుదరలేదు. నాకు కావలసిన కొలతలన్నీ ఒంటి మీదే ఉన్నాయి. నాలుగు వేళ్లు చేరిస్తే బెత్తెడు. బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా చాపితే జానెడు. మోచేతి నుంచి నడిమివేలి దాకా మూరెడు. వీటిని కొనే పని లేదు, ఎక్కడో పెట్టి మరిచిపోయే పని అంతకన్నా లేదు.

అట్లాగని అందరి కొలతా ఒకటి కాదని తెలియనిదాన్ని కాను. మార్కాపురం వెళితే పూలు పొడుగు చేతుల సాయిబు దగ్గరే కొంటాను. పక్క గంప ఆయన భార్యది. మంచి మనిషే, కానీ పొట్టి చెయ్యి. "ఏమ్మా, నా పూలు వాసన రావా?" అని ఒకసారి నిలదీసింది.

"వాసన వస్తుందిలే తల్లీ, మూరే రాదు" అన్నాను.

మావైపు వానను కూడా చేత్తోనే కొలుస్తాం. ఎన్ని మిల్లీమీటర్లు పడిందో ఫోన్లో వస్తుందట. పడింది ఎంతయితే నాకేం, దిగింది ఎంతో కావాలి. వాన వెలిసిన మర్నాడు చేలో గుంత తీసి, తడి ఎంత లోతుకు పోయిందో చూస్తాం. ఆ తడినే పదును అంటాం. బెత్తెడు పదునుకు కలుపు మొలుస్తుంది, వేసిన గింజ మాడుతుంది. జానెడు పదునుంటే కంది వేసుకోవచ్చు. మా ఇంట్లో ఆ జాన ఎప్పటినుంచో నాదే.

మొన్నటి ఆరుద్ర కార్తెలో ఒక వాన పడింది. ఇంట్లో కంది విత్తనం ఒక్క కుండే ఉంది. ముందటేడు పంట పలచన. ఉన్నవాటిలో గట్టి గింజలు ఏరి, బూడిద కలిపి, కుండ మూతికి గుడ్డ కట్టి దాచాను. మా అత్త కాలం నుంచీ మా చేలో పండుతున్న గింజ అది, దుకాణంలో దొరకదు. పదును చాలక ఆ కుండెడూ మాడిపోతే ఆ రకం మా ఇంట్లో అంతటితో సరి.

మర్నాడు పొద్దున్నే ట్రాక్టర్ వాడు విత్తే గొర్రు తగిలించుకుని వచ్చాడు. మా వీధి పిల్లాడే. నా కొడుకు రాతిపలకల ఫ్యాక్టరీ పనికి వెళ్లాడు. చేలో నేనూ కోడలూ ఉన్నాం.

"అవ్వా, బిన్నా చెప్పు. ఈ పొద్దు కాదంటే ఇంగ వారం దాకా రాను. కొనకనమిట్ల దిక్కు నల్లరేగడోళ్లు నా కోసం కాసుకోనున్నారు."

గడ్డపారతో గుంత తీశాను. తడి ఆగిన చోట చిటికెనవేలు పెట్టి పైకి చాపితే, బొటనవేలు సరిగ్గా నేల అంచుకు వచ్చింది.

"జానెడు. దింపు గొర్రు" అన్నాను.

కోడలు వంగి తన చెయ్యి పెట్టింది. దాని బొటనవేలు నేలకు పైన రెండు వేళ్ల ఎత్తున నిలబడింది.

"నాకు జానెడు రాలా, అత్తా."

"నీ చెయ్యి పొడుగు."

"అట్లనా? నేను కాపురానికి వచ్చిన కొత్తలో మిరపనారు నాటుతుంటే ఏమన్నావు? 'నీది పిల్ల జాన, దానికి నాటితే మొక్కకు మొక్క ఒరుసుకుంటాది, నా జానకు నాటు' అనలేదా? ఇప్పుడు నా చెయ్యి పెరిగిందా?"

అన్నాను. నలుగురూ విని నవ్వేట్టే అన్నాను.

కోడలు నా అరచేతికి తన అరచెయ్యి ఆనించింది. దాని వేళ్లు విచ్చుకున్నాయి. నావి విచ్చుకోలేదు. చిటికెనవేలు లోపలికి వంగిపోయి ఉంది, లాగినా రాలేదు. మా బోరు నీళ్లు పళ్లకు గార పట్టిస్తాయి, కీళ్లు బిగిస్తాయి అని ఆస్పత్రిలో ఎప్పటినుంచో చెబుతున్నారు. నేను పైనుంచి ఈ నేలను కొలుస్తూ ఉంటే, ఈ నేల అడుగు నీళ్లు నా ఎముకల్లో చేరి నా జాననే కురచ చేశాయన్నమాట. పొట్టి చేతి దగ్గర పూలు కొనని మనిషిని, నా చెయ్యి నేను చూసుకోలేదు.

"ఇద్దరి జానలూ కలిపి సగం చేసుకోండి అవ్వా, నాకు టైమవుతాంది" అన్నాడు ట్రాక్టర్ వాడు.

"నీ నోటికి ఏ జానా చాలదు గానీ, పో. నల్లరేగడికే పో."

వాడు వెళ్లిపోయాడు. విత్తనాల కుండ మళ్లీ ఇంటికి మోసుకొచ్చాం. దారంతా కోడలు ఆకాశం వంకే చూస్తూ నడిచింది. వాన రాకపోతే ఉన్న పదునూ ఆరిపోతుంది, ఆ మాట తన మీదే పడుతుందని దాని భయం. రెండు రోజుల్లో వాన ఉందని నా మోకాళ్లు సలుపుతూ చెబుతున్నాయి. కానీ చెయ్యే మోసం చేశాక మోకాలి మాట ఏం నమ్మను? అందుకని పైకి అనలేదు.

వాన మూడో రోజు వచ్చింది. మోకాలు ఒక్కరోజే తప్పింది, దాని వయసుకు అది నయమే. మర్నాడు గుంత నేను తీసి, చెయ్యి కోడల్ని పెట్టమన్నాను.

"జానెడు. ఇంకో వేలు ఎక్కువే ఉంది" అంది.

ట్రాక్టర్ వాడు పిలవకుండానే వచ్చాడు. నల్లరేగడిలో చక్రాలు దిగబడుతున్నాయట. మాది గరపనేల, రాళ్లూ ఇసుకా ఎక్కువ, వాన పడ్డ మర్నాడే కాలు పెట్టనిస్తుంది.

"ఈసారి ఎవరి జాన అవ్వా?"

"కోడలిది. దింపు."

వారం దాటేసరికి సాళ్లు పచ్చగా కనబడ్డాయి. కుండ కడిగి బోర్లించాను. ఆ సాయంత్రం కోడలు పెరట్లో మిరపనారు పట్టుకుని, అలవాటు చొప్పున నా చేతికోసం చూసింది.

"నీ జానకే నాటు" అన్నాను.

"మొక్కకు మొక్క ఒరుసుకుంటాయేమో అత్తా."

"ఒరుసుకోనీ. మనం ఒరుసుకుంటూ బతకడంలా?"