చదివి వినిపించాకే సంతకం

సత్తయ్య గారు పోయారు. మా శిక్షణ శిబిరానికి పదిహేను రోజుల ముందు, ఉదయం నడకకు వెళ్ళి వచ్చి, యూసుఫ్‌గూడలోని తమ ఇంటి గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తూ కూలబడ్డారు. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. ఆ సమయంలో నేను పంజాగుట్టలోని మా ఆఫీసులో కూర్చుని, శిబిరం కోసం మేం తీసుకున్న బడి తాలూకు వాళ్ళతో ఫోన్లో వంటమనిషి గురించి మాట్లాడుతున్నాను. పెట్టేయగానే ఫోన్ మళ్ళీ మోగింది. ఆయన కూతురు. ఆ అమ్మాయి చెప్పింది నాకు స్పష్టంగానే వినిపించింది. అయినా, "సరేనమ్మా, నాన్నగారిని ఒకసారి నాకు ఫోన్ చేయమనండి" అన్నాను. ఆమె అదే మాట మళ్ళీ చెప్పింది.

ఆయన వకీలు కాదు. సిటీ కోర్టులో బెంచి గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాక మా దగ్గరికి వచ్చారు. వకీలును పెట్టుకునే స్తోమత లేనివాళ్ళ కేసులు ఉచితంగా చూసే చిన్న న్యాయ సహాయ కేంద్రం మాది. జిరాక్సు షాపు పైన రెండు గదులు. కిటికీలోంచి చూస్తే ఎదురు మేడ నిండా కంప్యూటర్ కోర్సుల బోర్డులు. అమీర్‌పేటలో బస్సు దిగి మా ఆఫీసుకు నడిచి వచ్చేలోపు ఆ కోర్సుల కరపత్రాలు ఎంతమంది ఇచ్చినా ఆయన కాదనకుండా తీసుకునేవారు. వెనకవైపు తెల్లగా ఉంటుంది కనుక దాని మీద నోట్సు రాసుకునేవారు.

"జావా నేర్చుకుంటున్నారేంటి సార్?" అని ఒకసారి అడిగాను.

"ముందల దిక్కు వాళ్లది వకీలమ్మా. ఎనక దిక్కు నాది" అన్నారు.

ఆయన మాకు ఒకే ఒక్క నియమం పెట్టారు. అర్జీ ఏదైనా సరే, సంతకం పెట్టించే ముందు ఆ మనిషికి చదివి వినిపించాలి. ఇంగ్లీషులో ఉంటే వాళ్ళ మాటల్లో చెప్పాలి. ఆ తర్వాత అడగాలి: "గిది నువ్వు చెప్పిందేనా?" అవునంటేనే సంతకం. లేదా వేలిముద్ర.

ఖైరతాబాద్ నుంచి ఒక ఆటో డ్రైవరు వచ్చాడు. అన్నదమ్ముల ఇంటి తగాదా. 'నేను ఏనాడూ నా తమ్ముడితో గొడవ పడలేదు' అని అర్జీలో రాశాను. సత్తయ్య గారు చదివి వినిపిస్తుంటే అతను ఇబ్బందిగా కదిలాడు.

"సార్, నేను గంత మంచోన్ని కాదు. ఒకపారి కొట్టిన."

ఆయన ఆ వాక్యం కొట్టేయబోయారు. నాకు చిరాకు వేసింది. "ఇప్పుడదంతా ఎందుకు సార్, కోర్టుకు అవసరం లేదు" అన్నాను.

"అవుతలి వకీలు బోనుల నిలబెట్టి అడిగితె గీయన అవునంటడు. మొఖం చూస్తలేవా? అప్పుడేం జేస్తవు?"

ఆటో డ్రైవరు నా వంక చూసి, "నిజమే మేడం, నేను అవుననే అంట" అన్నాడు. వాక్యం తీసేశాం.

ఆయనకు కోపం రావడం నేను చూడలేదు. గొంతు పెంచడం కూడా చూడలేదు.

మా కేంద్రంలోని వాళ్ళకీ, బస్తీల్లో తిరిగే కార్యకర్తలకీ రెండు రోజుల శిక్షణ పెట్టాలని అనుకున్నప్పుడు, అమీర్‌పేటలోని ఒక హోటల్లో ఏసీ హాలు తీసుకుందామన్నారు మా డైరెక్టర్ గారు. సాఫ్ట్‌వేర్ కంపెనీలకు తరగతులు చెప్పే నిపుణుణ్ణి పిలుద్దామన్నారు.

"రోజులు మారాయి సత్తయ్య గారూ. మన స్టాఫ్‌కి కూడా మోటివేషన్ కావాలి."

"మోటివేషన్ మస్తుగున్నది సార్. వినుడే తక్కువైంది."

"ఆయన బెలూన్లు ఊదించి టీమ్ స్పిరిట్ నేర్పిస్తారంట సార్" అన్నాను నేను, నవ్వాపుకుంటూ.

"పలిగినంక ఏం జేస్తరట?"

డైరెక్టర్ గారు కూడా నవ్వేశారు. పని సత్తయ్య గారి చేతికి వచ్చింది. ఊరి బయట, దసరా సెలవుల్లో ఖాళీగా ఉండే ఒక బడిని ఆయన వెతికి పట్టుకున్నారు. వేదిక వద్దు, దండలు వద్దు, చాపలు చాలన్నారు. మొదటి రోజు ఉదయం పాఠం కూడా వద్దన్నారు. ఒక్కొక్కరు లేచి పనిలో తాము చేసిన ఒక తప్పు చెప్పాలి. ఆ తప్పు వల్ల నష్టపోయిన మనిషి ఒప్పుకుంటే, వాళ్ళు కూడా అక్కడే కూర్చుని వినాలి. ఆ మనుషుల్ని పిలవడానికి సిటీ బస్సుల్లో తిరిగి తిరిగి ఆయనే వెళ్ళారు.

ఎవరు ఏ తప్పు చెప్పాలో ఆయన రాసుకున్న జాబితాలో అందరికన్నా ముందు నా పేరు ఉంది. పక్కన 'బాలామణి' అని రాసి ఉంది.

బాలామణి అమీర్‌పేట సందులో ఒక పాత ఇంటి మెట్ల కింద బట్టలు ఇస్త్రీ చేసేది. ఇంటి పెద్దాయన పోయాక కొడుకులు ఆ ఇల్లు అమ్మేశారు. కొన్నవాళ్ళు దాన్ని పడగొట్టి, కోర్సులకు వచ్చేవాళ్ళ కోసం హాస్టల్ కడతామన్నారు. ఖాళీ చేయమని నోటీసు వస్తే ఆమె మా దగ్గరికి వచ్చింది. స్టే కోసం అర్జీ వేయాలి. అప్పటికి మా ఆఫీసుకు కంప్యూటర్ వచ్చి కొద్ది నెలలే. అంతకుముందు ఒక వాచ్‌మన్ కోసం రాసిన అర్జీ అందులో ఉంది. దాన్నే తీసి పేరూ చిరునామా మార్చాను. 'యజమాని దయతో అనుమతించగా అక్కడ ఉంటున్నాను' అన్న వాక్యం అలాగే ఉండిపోయింది. కోర్టుకు వేళవుతోందని చదివి వినిపించకుండానే బాలామణి చేత వేలిముద్ర వేయించాను. అవతలి వకీలు జడ్జి ముందు ఆ ఒక్క వాక్యమే చదివి, దయ మీద ఉన్నవాళ్ళకు హక్కేమిటన్నాడు. స్టే రాలేదు. వారం తిరక్కుండానే ఆమె ఇస్త్రీ బల్ల తోపుడు బండెక్కింది. పాత గిరాకీ అంతా పోయింది.

"మొదలు నువ్వు చెప్పు వకీలమ్మా. బాలామణి ముచ్చట" అన్నారు సత్తయ్య గారు, ఆ జాబితా నాకు చూపిస్తూ.

"అందులో నా తప్పేముంది సార్? ఆ జడ్జి గారు ఎలాగూ స్టే ఇచ్చేవారు కాదు."

"ఇయ్యకపోవచ్చు."

"మరి?"

"ఇస్తుండెనో లేదో మనకెట్ల తెలుస్తది? ఆమె మాట కోర్టుల పడనే లేదు గద."

"బస్తీ వాళ్ళందరి ముందూ, ఆవిడ ముందూ నన్ను నిలబెడతారా? రేపు నా మాట ఎవరు వింటారు సార్? నేను చెప్పను."

ఆయన కళ్ళజోడు తీసి మడిచి జేబులో పెట్టుకున్నారు. "సరే తియ్. ఫికర్ చెయ్యకు" అన్నారు. ఆ తర్వాత రెండు రోజులు మేం చాపల గురించీ భోజనాల గురించీ మాత్రమే మాట్లాడుకున్నాం. మూడో రోజు ఉదయం ఆ ఫోన్ వచ్చింది.

దినాలు అయ్యాక ఆయన భార్య అనసూయమ్మ గారు రబ్బరు బ్యాండు వేసిన కరపత్రాల కట్ట నా చేతికిచ్చారు. శిబిరం వివరాలన్నీ వాటి వెనక ఉన్నాయి. ఎవరు ఏ బస్సెక్కాలి, ఎవరికి షుగరు ఉంది, ఎవరు చంటిబిడ్డతో వస్తారు. అన్నిటికన్నా అడుగు కాగితం మీద 'మొదటి రోజు, పొద్దున' అని ఉంది. నా పేరు కొట్టేసి ఉంది. కోర్టు గుమాస్తాలు కొట్టేసినట్టు, కింద ఉన్నది కనబడేలా ఒకే గీత, పక్కన పొట్టి సంతకం. దాని కింద 'సత్తయ్య' అని రాసి, ఈ నాలుగు మాటలు:

'బాలామణి అర్జీ చదివి వినిపించలేదని ఆ రోజే నాకు తెలుసు. వకీలమ్మ తొందరలో ఉన్నది. ఆపడానికి మొహమాటపడ్డాను. ఈ సంగతి బాలామణికి నేను చెప్పాలి.'

ఆయనకు తెలుసని నాకు తెలియదు.

శిబిరం వాయిదా వేద్దామా అని డైరెక్టర్ గారు అడిగారు. వద్దన్నాను.

బడి వరండాలో చాపలు వేశాం. బాలామణి అందరికన్నా ముందే వచ్చింది. ఆయన పోయిన సంగతి ఆమెకు తెలియదు.

"పెద్దసార్ ఏడి?" అని అడిగింది.

చెప్పాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, చాప అంచు మీద చాలాసేపు కూర్చుంది. వెళ్ళిపోతుందేమో అనుకున్నాను. వెళ్ళలేదు.

నేను లేచి ముందు ఆయన రాసుకున్నది చదివాను. తర్వాత నేను చేసింది చెప్పాను. ఆ పైన అర్జీ తీసి, మొదటి నుంచీ చివరి దాకా ఆమెకు అర్థమయ్యే మాటల్లో చదివి వినిపించాను. రెండేళ్ళ కిందట చేయాల్సిన పని. చదవడం అయ్యాక అడగాల్సిన ప్రశ్న అడిగాను. "ఇది నువ్వు చెప్పిందేనా బాలామణీ?"

"కాదమ్మా" అంది. "దయ ఏంది? ఇరవై ఏండ్లు వాళ్లింటి బట్టలన్ని ఇస్త్రీ జేసిన, ఒక్క రూపాయి తీస్కోలె. జాగకు బదులు. ముసలాయన నోటితోని ఒప్పుకున్న మాట. గదే నీకు చెప్పిన." నా చేతిలోని అర్జీ వంక చూసింది. "గది రాస్తె సుత కేసు పోతుండెనేమో. పోతె నా మాటతోని పోతుండె."

తర్వాత ఖైరతాబాద్ బస్తీలో పనిచేసే కార్యకర్త లేచి తన తప్పు చెప్పింది. ఆమె తర్వాత ఇంకొకరు. భోజనాలు చల్లారిపోయేదాకా ఎవరూ ఆపలేదు. ఆయన వేసిన పథకంలో భోజనం తర్వాత ఏముందో ఆ రోజు మేం చూడనే లేదు.

అర్జీలు రాయడం మాకు వచ్చు. ఇకముందు చదివి వినిపిస్తాం కూడా. కానీ మేం తొందరలో ఉన్నప్పుడు ఆపలేకపోవడం తన తప్పేనని రాసి పెట్టుకునే మనిషి మా ఆఫీసులో ఇక లేడు. ఆయన కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. ఈ లోటు మాత్రం పూడదు.

ఇది ఆయన గురించి రాసింది కనుక, ఆయన నియమం ప్రకారం ముందు ఆయనకే చదివి వినిపించాలి. ఆ వీలు లేక నిన్న యూసుఫ్‌గూడ వెళ్ళి అనసూయమ్మ గారికి చదివాను. ఆమె ఒక్కచోట ఆపారు.

"కోపం చూడలేదని రాసినవా? ఇంట్ల మస్తు కోపం బిడ్డా. చాయ్ సల్లగైతె గిలాస పక్కకు జరిపి గోడ దిక్కు చూస్తుండె. గది సుత రాయి."

రాశాను. "మిగతాదంతా ఆయనేనా అమ్మా?" అని అడిగాను.

"నాకేమెరుక బిడ్డా. గది ఆయన్నే అడగాలె" అన్నారు.

అందుకే దీన్ని కింద సంతకం లేకుండా పత్రికకు పంపుతున్నాను.