శనివారానికి అడిగిన నీలి పువ్వు

మట్టిలో విత్తనం పెట్టాక, మూడో రోజే వేలితో కెలికి చూడకుండా ఉండగలరా మీరు? నేను ఉండలేకపోయాను. మొదటి ఏడాది నా నీలి పాపీలు ఒక్కటీ మొలవలేదు.

బ్లూ పాపీ మన గసగసాల మొక్కకు దూరపు చుట్టం. హిమాలయాల చలిలో పుట్టింది. ఎండ గిట్టదు, వేడిగాలి అసలే గిట్టదు. అప్పట్లో మేం సియాటిల్ శివారులో ఉండేవాళ్లం. ఇంటికి ఉత్తరాన, సీడర్ చెట్ల కింద, ఎప్పుడూ తడిగా ఉండే చిన్న పెరడు. అక్కడ ఇవి పెరుగుతాయని మా వీధి చివరి అమెరికన్ పెద్దావిడ చెప్పి, తన పూల గింజలు కాస్త పొట్లం కట్టి ఇచ్చింది.

రెండో ఏడాది పద్ధతిగా చేశాను. గింజల్ని తడి పేపర్ టవల్‌లో చుట్టి, ఆరు వారాలు ఫ్రిజ్‌లో గోంగూర పచ్చడి సీసా పక్కన ఉంచాను. చలికాలం దాటితే తప్ప అవి మొలవవు. తర్వాత ట్రేలో చల్లి, రోజుకు పదిసార్లు వంగి చూసేదాన్ని. పదకొండు మొలిచాయి. నారుకుళ్లు పట్టుకుని ఏడు పోయాయి. పొద్దున నిటారుగా ఉన్న మొలక సాయంత్రానికి మొదలు దగ్గర దారంలా సన్నబడి పడిపోయేది. రెండింటిని నత్తలు తిన్నాయి. మిగిలిన రెండూ చలికాలమంతా మట్టిలో దాక్కుని, వసంతంలో బంగారు నూగుతో ఆకులు వేసి, చెరొక మొగ్గ తొడిగాయి.

పెద్దావిడ చూసి, రెండు మొగ్గలూ తుంచెయ్యమంది. మొదటి ఏడాదే పూస్తే మొక్క చచ్చిపోతుందట. తుంచితే వేళ్లు బలపడి ఏళ్ల తరబడి పూస్తుందట. సరేనన్నాను.

అది మాంద్యం వచ్చిన ఏడాది. మా పక్కింటి అమ్మాయి భర్తకు హెచ్-వన్ వీసా పొడిగింపు మీద సందేహాలు అడుగుతూ ప్రభుత్వం ఉత్తరం పంపింది. జవాబు నచ్చకపోతే దేశం వదిలి వెళ్లాలి. ఆమెకు అప్పుడు ఏడో నెల. ఇండియాలో వాళ్ల ఊళ్లో జాతకాలు చెప్పే అయ్యగారికి ఫోన్ చేస్తే, ఏలినాటి శని అని, శనివారం నాడు నీలి పువ్వు పెట్టి పూజ చెయ్యమన్నాడు. శంఖుపూలు ఇక్కడెక్కడ దొరుకుతాయి? నా మొగ్గల చీలికలో నీలం కనిపించి అడగడానికి వచ్చింది.

కాలేజీ రోజుల నుంచి చర్చావేదికలెక్కి జాతకాలను చీల్చి చెండాడినదాన్ని. ఊరుకుంటానా? శనికి ఇండియా శనివారమా, అమెరికా శనివారమా అని అడిగాను. అంత పెద్ద గ్రహానికి మా పెరట్లో పువ్వు రంగు ఎలా తెలుస్తుందన్నాను. పైగా మొగ్గలు తుంచేస్తున్నానని, కారణం కూడా చెప్పాను. ఆమె అంతా విని నెమ్మదిగా అంది.

"ఆ ముసలామె తుంచమంటె తుంచుతున్నరు. అది నిజమేనా అని అడిగిన్రా అక్కా? మా అయ్యగారిని మాత్రం నిలబెట్టి అడుగుతున్నరు."

ఆ మాట రెండు రోజులు నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. మూడో రోజు వెళ్లి పెద్దావిడనే అడిగాను. తోటల క్లబ్బులో అందరూ అలాగే చేస్తారంది. తుంచకుండా ఎప్పుడైనా వదిలి చూశారా అంటే, లేదంది. ఇంటికొచ్చి ఒక మొగ్గ తుంచాను, రెండోది వదిలాను.

వదిలింది విచ్చుకుంది. ఆకాశం రంగు అనడం సోమరితనం. గ్యాస్ మంట అంచున ఉంటుందే, ఆ నీలం. రేకులు తడి కాగితమంత పల్చన. శుక్రవారం సాయంత్రం ఆ అమ్మాయి గోడవతల నిలబడి దాన్నే చూస్తోంది.

"పువ్విస్తాను. ముందు ఆ ఉత్తరం పట్రా," అన్నాను.

దేవుడి పటాల ముందు నుంచి తెచ్చింది. నాలుగు మూలలా పసుపు. భార్యాభర్తలిద్దరూ మొదటి పేజీ చదివి, భయపడి, అక్కడ పెట్టేశారు. మిగతాది కంపెనీ చూసుకుంటుందనుకున్నారు. చివరిదాకా నేను చదివితే, మూడో పేజీలో అడిగింది ఒకే కాగితం. అతను పనిచేసే క్లయింట్ ఆఫీసు మేనేజర్ నుంచి, అతను అక్కడ ఫలానా పని చేస్తున్నాడని ఒక లేఖ. గడువు పద్దెనిమిది రోజులు. మేనేజర్ విసుక్కుంటాడేమోనని ఇతను ముందు జంకాడు. సోమవారం అడిగాడు. గురువారానికి లేఖ చేతికొచ్చింది.

ఉత్తరం చదివిన మర్నాడే, శనివారం పొద్దున, మాట ప్రకారం పువ్వు కోసి ఇచ్చాను. ఇక అది గింజ కట్టదని, ఆ గింజలతో మళ్లీ పరీక్షించే వీలు పోయిందని కోస్తున్నప్పుడే తెలుసు. ఆరు వారాలకు పొడిగింపు మంజూరైంది.

ఆ వేసవి మండిపోయింది. పూసిన మొక్క ఆగస్టులో చచ్చింది, తుంచినది బతికింది. చెప్పానా అంది పెద్దావిడ. నీలి పువ్వు పనిచేసిందని పక్కింటి అమ్మాయి గుడిలో అందరికీ చెప్పింది. చంపింది పువ్వో ఎండో తెలియదని ఒకరికి, పని జరిపించింది లేఖ అని ఇంకొకరికి చెప్పాను. ఒక్కసారి జరిగినదాన్ని బట్టి నియమం కట్టకూడదని ఇద్దరితోనూ వాదించాను. ఇద్దరూ నన్ను జాలిగా చూశారు.

మరుసటి వసంతంలో ముక్కూమొహం తెలియని దంపతులు స్వీట్ల డబ్బాతో మా గుమ్మంలో నిలబడ్డారు. నీలి పువ్వు ఒక్కటి కావాలట. వాళ్లకూ అలాంటి ఉత్తరమే వచ్చింది. పూర్తిగా చదివారా అంటే, పూజలో పెట్టామన్నారు. గడువు తొమ్మిది రోజులే ఉంది.

మొక్క నిండా మొగ్గలున్నాయి. ఒక్కటీ ఇవ్వలేదు. ఇకమీదట ఎవరికీ ఇవ్వను. మీ ఇంట్లో అలాంటి ఉత్తరం ఉంటే ఈ పుస్తకం పక్కన పెట్టి లేవండి. దాన్ని చివరి పేజీ దాకా చదవండి. అడగాల్సిన మనిషిని ఇవాళే అడగండి.