ఉకులేలే నాలుగో తీగ

తొమ్మిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. రోజూ దీపం పెట్టి దేవుడికి అన్నీ చెప్పుకుంటాను, ఇదొక్కటి తప్ప. మీరెవరో నాకు తెలియదు. అందుకేనేమో, మీకు చెప్పగలుగుతున్నాను.

గిటార్, నాలుగు తీగల చిట్టి గిటార్ లాంటి ఉకులేలే, రెండూ నాకు మా బాపు నాంపల్లి ఇంట్లోనే నేర్పాడు. ఏ క్లాసుకూ పోలేదు. ఆర్పెజియో ఆయన పెట్టిన భిక్ష. కార్డు, అంటే కలిసి మోగే స్వరాల గుంపు, పట్టి తీగలన్నీ ఒక్కసారే గీకకుండా, ఒక్కొక్కటీ వరుసగా మీటడం. ఈ రోజుకీ నా వేళ్లు తడబడవు. ఆయనను తలుచుకోనిదే తీగ ముట్టను.

పెళ్లయ్యాక ఇంట్లో గురువారం భజనకు గిటార్ నాదే. తోటికోడలు సుజాత నేర్పమంది. నాకు ఏడాది పట్టింది, ఆమెకు రెండు నెలల్లో వచ్చింది. ఆమె వాయిస్తే మా అత్తమ్మ కూరగాయలు తరగడం ఆపి మరీ వినేది. నేను వాయిస్తే ఎన్నడూ ఆపలేదు.

గిటార్‌కు చేయి చాలట్లేదని సుజాత ఆబిడ్స్ పోయి ఉకులేలే కొనుక్కొచ్చింది.

"అక్కా, నీ గిటార్ పిల్లను పెట్టింది చూడు!" అని నవ్వింది. మీటి చూసి ఆగింది. "గిదేంది? గిటార్‌కు పై తీగ బరువుగ మోగుతది గదా. దీనికి సన్నగ మోగుతది. దుకాణపాయన ఉల్టా ఏసిండా?"

ఉకులేలేకు పైనుండే ఆ నాలుగో తీగ అలా సన్నగా, హెచ్చు స్థాయిలోనే మోగాలి. నాకు తెలుసు.

"ఔ, ఉల్టా ఏసిండు. జర వదులు చెయ్యి. గిటార్ లెక్క కిందికి దించు."

"మొద్దుగ మోగుతదక్కా."

"వాయించంగ వాయించంగ అదే వస్తది. ఫికర్ చెయ్యకు."

ఎందుకన్నాను? ఆమె మీద కోపమా? లేదు. అత్తమ్మ తరగడం ఆగిన ఆ చప్పుడు, అంతే.

గురువారం భజనలో సుజాత బొటనవేలు పడ్డప్పుడల్లా ఆ వదులు తీగ దబ్బుదబ్బుమంది. "వాయిస్తున్నవా బిడ్డా, తలుపు కొడుతున్నవా?" అని ఒక పెద్దమ్మ అంటే అందరూ నవ్వారు. సుజాత కూడా నవ్వింది. నేను గిటార్ అందుకుని పాట నిలబెట్టాను. మెప్పు పొందాను. ప్రసాదం కళ్లకద్దుకుని తిన్నాను, ఆ చేతులతోనే.

"నా చేతిల్నే లేదక్కా," అని ఆమె దాన్ని అటక మీద పెట్టేసింది. తర్వాత భజనలో పాడటం కూడా మానేసింది. అడిగితే చప్పట్లు కొడతానంటుంది.

నేను బాగా వాయిస్తాను. ఆ మాట చెప్పడానికి సిగ్గుపడను. అందుకే, తెలియక చెప్పానన్న సాకు నాకు దొరకదు.

సుజాత చేతిలో లోపం లేదు. అబద్ధం చెప్పింది నేను. ఈ కాగితం మీకంటే ముందు ఆమెకే ఇస్తాను. ఏమంటుందో తెలియదు, మాట్లాడటం మానేసినా మానేస్తుంది. అయినా రాసేశాను. తొమ్మిదేళ్లకు గుండెల నిండా ఊపిరి తీసుకుంటున్నాను.